చలి రాష్ట్రాల పెరట్లో బర్ ఓక్: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మినియాపొలిస్, మ్యాడిసన్, షికాగో చుట్టుపక్కల, లేదా సరిహద్దు దాటి విన్నిపెగ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు పెరట్లో ఒక పెద్ద చెట్టు పెట్టుకోవాలనుకున్నప్పుడు అడిగే ప్రశ్నలివి. జవాబులు ముఖ్యంగా బర్ ఓక్ గురించి. ఇక్కడి నేలలో పుట్టిన ఓక్‌లలో చలికి గట్టిగా తట్టుకునేది ఇదే, వయసొచ్చిన కొద్దీ అందం పెరిగేదీ ఇదే. మిగతా ఓక్‌ల సంగతి అవసరమైన చోట చెప్పాను.

బర్ ఓక్‌ని ఎలా గుర్తుపట్టాలి?

కాయ దొరికితే వేరే ఆనవాలు అక్కర్లేదు. కాయని సగానికి పైగా కప్పేసే టోపీ ఉంటుంది, ఆ టోపీ అంచు చుట్టూ కుచ్చులు వేలాడుతుంటాయి. ఉత్తరాదిలో సహజంగా పెరిగే ఓక్‌లలో ఇలాంటి కుచ్చుల టోపీ దీనికే ఉంది. కాయల కాలం కాకపోతే ఆకు చూడండి. అంచులు గుండ్రటి పాయలుగా చీలి ఉంటాయి, నడుమ దగ్గర రెండు పక్కలా లోతుగా నొక్కుకుపోయి, పై సగం వెడల్పుగా విచ్చుకుంటుంది. తిప్పి చూస్తే అడుగు భాగం తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. లేత కొమ్మని వేళ్లతో పట్టుకుంటే బెండు గట్లు చేతికి తగులుతాయి.

ముదురు చెట్టు బెరడు దళసరిగా, లోతైన నిలువు పగుళ్లతో ఉంటుంది. ప్రెయిరీల్లో (గడ్డి మైదానాల్లో) కార్చిచ్చు వచ్చి, పల్చటి బెరడున్న చెట్లన్నీ మాడిపోయినప్పుడు ఈ బెరడే బర్ ఓక్‌ని కాపాడేది. అందుకే ఒకప్పుడు మిడ్‌వెస్ట్‌లో కనుచూపు మేర గడ్డి, మధ్యమధ్యలో దూరదూరంగా చేతులు చాచిన బర్ ఓక్‌లు ఉండేవి. ఆ ఓక్ సవానా నేలంతా తర్వాత మొక్కజొన్న పొలాలూ, కాలనీలూ అయిపోయింది. మిగిలింది అక్కడక్కడా ముక్కలే. మీ సబ్‌డివిజన్ (కాలనీ) కూడా అలాంటి నేల మీదే లేచి ఉండొచ్చు. శాస్త్రీయ నామం క్వెర్కస్ మాక్రోకార్పా. 1801లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త ఆంద్రే మిషో పెట్టిన పేరు.

నిజంగా మైనస్ 30లో కూడా బతుకుతుందా?

బతుకుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ చలి మండలాల లెక్కలో ఇది 3వ మండలం దాకా పనికొస్తుంది. అంటే మైనస్ 40 దాకా, అక్కడ ఫారెన్‌హీటూ సెల్సియసూ ఒకటే. కెనడాలో మానిటోబా, సస్కాచువాన్ నుంచి కిందికి టెక్సస్ దాకా ఇది సహజంగానే పెరుగుతుంది.

అయితే ఒక్క షరతు ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. టెక్సస్‌లో పుట్టిన బర్ ఓక్, మిన్నెసోటాలో పుట్టిన బర్ ఓక్ పేరుకి ఒకటే అయినా చలి అలవాటులో ఒకటి కావు. డాలస్‌లో బంధువుల ఇంటి దగ్గర ఏరిన కాయలు రెండంగుళాల దాకా ఉండి ముచ్చటగా ఉంటాయి. ఉత్తరాది కాయ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఆ పెద్ద కాయల మీద మనసు పడి ఇక్కడికి తెచ్చి నాటితే, ఆ మొక్క శరదృతువులో సమయానికి నిద్రలోకి జారుకోదు, లేత కొమ్మలు ముదరకముందే గడ్డకట్టే చలి వచ్చి పడుతుంది. మొక్క కొనేటప్పుడు నర్సరీవాళ్లని ధర కంటే ముందు అడగాల్సింది ఇది: ఈ విత్తనం ఎక్కడిది? మీ ఊరి చుట్టుపక్కలదైతే మంచిది. బాగా దక్షిణాదిదైతే వదిలేయండి.

స్టోర్‌లో మేపుల్ చవగ్గా దొరుకుతోంది, త్వరగా పెరుగుతుంది. ఓక్ చెట్టే ఎందుకు?

మేపుల్ మీద నాకు కోపం లేదు. కానీ మీ వీధిలో ఇప్పటికే ఎన్ని మేపుల్‌లున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఒకప్పుడు ఇక్కడి వీధుల నిండా ఎల్మ్‌లే ఉండేవి, డచ్ ఎల్మ్ తెగులు వచ్చి ఊడ్చేసింది. ఆ ఖాళీల్లో యాష్ చెట్లు పెట్టారు. 2002లో డెట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు బయటపడింది, 2009కి మిన్నెసోటా చేరింది, ఇప్పుడు వీధులకి వీధులు యాష్‌లు నరికేస్తున్నారు. అంతా ఒకే చెట్టు పెడితే ఒక్క పురుగు చాలు.

ఇంకో కారణం నాకు దీనికంటే ముఖ్యం. డెలావేర్ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ, ఆయన బృందం లెక్కల ప్రకారం ఒక్క అట్లాంటిక్ తీరపు మధ్య రాష్ట్రాల్లోనే 500కి పైగా రకాల గొంగళి పురుగులు ఓక్‌ల మీద బతుకుతాయి. పురుగు అనగానే ముఖం చిట్లించకండి. పిల్లలున్న పిట్టలకి ఆ పురుగులే తిండి. పిట్టల ఫీడర్‌లో మనం పోసే గింజలు గూట్లో కళ్లు తెరవని పిల్లకి పనికిరావు. వేరే దేశం నుంచి తెచ్చిన అలంకారపు చెట్టు పచ్చగా కనిపిస్తుంది కానీ దాని మీద ఇక్కడి పిట్టకి దొరికేది చాలా తక్కువ.

శరదృతువు రంగుల కోసమే చూస్తున్నవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి. బర్ ఓక్ ఆకు ఎర్రగా మండదు, పసుపు కలిసిన గోధుమ రంగుకి తిరిగి ఊరుకుంటుంది. దీని అందం ఆకులు రాలాక కొమ్మల్లో కనిపిస్తుంది. ఎర్ర రంగే కావాలంటే నార్తర్న్ రెడ్ ఓక్ ఉంది, అది త్వరగా కూడా పెరుగుతుంది. కానీ కింద చెప్పబోయే ఓక్ విల్ట్ తెగులుకి అదే ముందు బలవుతుంది.

ఎంత పెద్దదవుతుంది? మా లాట్ (ఇంటి స్థలం) సరిపోతుందా?

ఎత్తు 60 నుంచి 80 అడుగులు. వెడల్పు కూడా దాదాపు అంతే. రెండు మూడు వందల ఏళ్లు బతకడం దీనికి మామూలే. ఇంటి గోడకి కనీసం 25, 30 అడుగుల దూరం ఉంచండి, పైన కరెంటు తీగలు ఉంటే అసలు వద్దు. పక్కింటివాళ్ల కంచె దగ్గర పెడితే సగం చెట్టు వాళ్లదవుతుంది, ముందే మాట్లాడుకోండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే వాళ్ల నియమాలూ చూసుకోండి.

అంత చోటు లేకపోతే బాధపడకండి. అర్బన్ పినాకిల్ అనే బర్ ఓక్ రకం నిటారుగా పెరుగుతుంది, వెడల్పు 25 అడుగుల దగ్గర ఆగుతుంది. స్వాంప్ వైట్ ఓక్ చోటు విషయంలో బర్ ఓక్ కంటే కాస్త నయం, నీళ్లు నిలిచే జాగాలకీ, బిల్డర్ యంత్రాలతో తొక్కించి గట్టిపడిన నేలకీ అది సరిపోతుంది. న్యూయార్క్‌లో 9/11 స్మారకం దగ్గర 400కి పైగా పెట్టినవి ఆ చెట్లే. రీగల్ ప్రిన్స్ ఇంకా సన్నగా పెరుగుతుంది, కాకపోతే అది స్వాంప్ వైట్‌కీ యూరప్ ఓక్‌కీ పుట్టిన సంకరం, అచ్చంగా ఇక్కడిది కాదు.

పిన్ ఓక్ మాత్రం మీ మట్టి పరీక్ష చేయించకుండా కొనకండి. సున్నం ఎక్కువున్న మట్టిలో దానికి ఇనుము అందక, ఈనెలు పచ్చగా, మిగతా ఆకంతా పసుపుగా మారి ఏళ్ల తరబడి కుంగిపోతుంది. బర్ ఓక్‌కి ఆ బాధ తక్కువ.

వాస్తు ప్రకారం ఏ దిక్కున పెట్టాలి?

పెద్ద చెట్లు దక్షిణానికో పడమరకో ఉండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అని మన పెద్దవాళ్లు చెబుతారు కదా. ఇక్కడి వాతావరణానికి అది బాగానే కలిసొస్తుంది. పడమటి వైపు ఓక్ ఉంటే జులై సాయంత్రాల ఎండ గోడ మీద పడకుండా ఆపుతుంది. దక్షిణానికి మరీ దగ్గరగా మాత్రం వద్దు. ఆకులు రాల్చినా ఆ దట్టమైన కొమ్మలు చలికాలపు ఎండని కొంత అడ్డుకుంటాయి. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలిని ఆపడం ఓక్ పని కాదు, దానికి స్ప్రూస్‌లాంటి ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు కావాలి.

కాయ నుంచి పెంచాలా, మొక్క కొనాలా?

ఓపిక ఉంటే కాయ నుంచే. బర్ ఓక్ తొలి ఏడాదే తల్లివేరుని భూమిలోకి సూటిగా దింపుతుంది, మంచి నేలలో అది నాలుగడుగుల లోతు దాటుతుంది. పైన మొక్క జానెడు కూడా ఉండదు. కుండీలో అంత లోతెక్కడిది? వేరు అడుగుకి తగిలి చుట్టలు చుట్టుకుంటుంది. పడిన చోటే మొలిచిన మొక్క పదేళ్లలో కొన్న మొక్కని అందుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మధ్యే మార్గం కూడా ఉంది. చాలా కౌంటీల్లో నేల, నీటి సంరక్షణ విభాగాలు వసంతంలో మట్టి లేని వేళ్లతో ఉండే చిన్న మొక్కలు కట్టలుగా, చాలా తక్కువ ధరకి అమ్ముతాయి. ఆర్డర్లు చలికాలంలోనే తీసుకుంటారు కాబట్టి జనవరిలోనే వాళ్ల వెబ్‌సైట్ చూడండి. ఇంటికి తెచ్చాక ఆ వేళ్లు ఒక్క గంట ఎండకీ గాలికీ ఆరినా మొక్క దెబ్బతింటుంది. తడి గుడ్డలో చుట్టి, వీలైతే ఆ రోజే నాటేయాలి.

కాయలు ఎప్పుడు ఏరాలి, ఎలా నాటాలి?

ఆగస్టు చివరి నుంచి రాలడం మొదలవుతాయి. మొదట రాలినవి ఎక్కువగా పురుగు పట్టినవే, వాటిని వదిలేసి సెప్టెంబరులో దండిగా రాలినప్పుడు ఏరండి. పార్కులో అయితే అక్కడి నియమాలు తెలుసుకుని ఏరండి.

ఇంటికొచ్చాక టోపీలు తీసి బకెట్ నీళ్లలో వేయండి. తేలినవి పారేయండి, వాటిలో చాలావాటిని ముక్కుపురుగు పిల్లలు లోపల తినేసి ఉంటాయి. మునిగినవాటిని ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూడండి. సూదితో పొడిచినట్టు చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే అదీ పనికిరాదు. మంచి కాయ బరువుగా ఉంటుంది, వేళ్ల మధ్య నొక్కితే లొంగదు.

వీటిని పప్పుధాన్యాల్లా ఎండబెట్టి డబ్బాలో దాచకూడదు. ఓక్ కాయ ఎండితే చచ్చిపోతుంది. ఏరిన వారంలోనే నాటడం అన్నిటికంటే మంచిది. బర్ ఓక్ వైట్ ఓక్‌ల వర్గంలోది, ఆ వర్గంలో చాలా కాయలు పడిన శరదృతువులోనే వేరు దింపేస్తాయి. ఉత్తరాది బర్ ఓక్‌లు మాత్రం తరచుగా చలికాలం గడిచేదాకా ఆగి వసంతంలో మొలుస్తాయి. అందుకని అక్టోబరులో నాటి, ఏమీ కనిపించలేదని తవ్వి చూడకండి. వెంటనే నాటడం కుదరకపోతే, పిండితే నీళ్లు కారనంత తడిగా ఉన్న రంపపు పొట్టులో కలిపి, ప్లాస్టిక్ సంచిలో వేసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో కాదు.

అంగుళం లోతు గుంట, కాయని అడ్డంగా పడుకోబెట్టాలి, మట్టి కప్పాలి. ఒక్కో చోట రెండు మూడు నాటి, తర్వాత బలమైనదాన్ని ఉంచి మిగతావి నేలమట్టానికి కత్తిరించేయండి. పైన సన్న కన్నాల ఇనుప జల్లెడ పరిచి, అంచులు మట్టిలోకి దింపి, రాళ్లు పెట్టండి. ఆ జల్లెడ లేకపోతే ఉడతలు ఒక్కటీ మిగల్చవు. బూడిద రంగు ఉడత వైట్ ఓక్ కాయ దొరికితే దాని మొన కొరికి, మొలకని తీసేసి మరీ దాచుకుంటుంది, మొలకెత్తి తన తిండి పోకుండా. బ్లూ జే పిట్ట మాత్రం కాయల్ని చెక్కుచెదరకుండా దూరంగా తీసుకెళ్లి ఒక్కొక్కటిగా నేలలో పాతుతుంది, కొన్నిటిని మళ్లీ తీసుకోదు. ఓక్ అడవులు అలా కూడా విస్తరిస్తాయి. మొలక బయటికి రాగానే జల్లెడని పైకెత్తి గొట్టంలా చుట్టండి.

కరివేపాకు కుండీలాగా చలికాలంలో ఇంట్లోకి తేవాలా?

వద్దు. కరివేపాకు చలికి చస్తుంది, ఓక్‌కి చలి లేకపోతే కుదరదు. ఇంట్లో హీటర్ వెచ్చదనంలో పెడితే నిద్ర పట్టక నీరసించిపోతుంది. కానీ కుండీలో ఉన్న మొక్క వేళ్లకి నేలలో ఉన్నంత రక్షణ ఉండదు, పక్కల నుంచి చలి కోస్తుంది. కుండీని అంచుదాకా మట్టిలో పాతేయండి, లేదా హీటర్ లేని గరాజ్‌లో పెట్టి మట్టి మరీ ఎండిపోకుండా నెలకోసారి కాస్త నీళ్లు చల్లండి.

కొన్న మొక్కని నాటడంలో జరిగే పొరపాట్లేమిటి?

లోతుగా నాటడం. మొక్కలు ఎక్కువగా చచ్చేది దీనివల్లే, అదీ వెంటనే కాదు, పదేళ్ల తర్వాత. మాను నేలని తాకే చోట కొంచెం వెడల్పై వేళ్లలోకి విచ్చుకోవాలి. కుండీలో తరచుగా ఆ భాగం మట్టి కింద కూరుకుపోయి ఉంటుంది. పై మట్టిని చేతి వేళ్లతో గీరి, మొదటి లావు వేరు కనిపించేదాకా తీసేయండి. ఆ వేరు మొదలు నేల మట్టానికి రావాలి, అంతే లోతు గుంట. వెడల్పు మాత్రం వేళ్ల ముద్దకి రెండు మూడింతలు తవ్వండి.

చుట్టలు చుట్టుకున్న వేళ్లని జాలి పడకుండా కోసేయండి. అలాగే వదిలేస్తే అవి లావెక్కి, ఒకనాటికి మానునే బిగించేస్తాయి. గోనె, ఇనుప బుట్టతో వచ్చిన మొక్కైతే గుంటలో నిలబెట్టాక కనీసం పై సగం కత్తిరించి తీసేయాలి. తవ్విన మట్టినే తిరిగి నింపండి. కంపోస్టు, కొత్త మట్టి గుంటలో పోస్తే వేళ్లు ఆ మెత్తటి చోటే తిరుగుతాయి, బయటికి వెళ్లవు.

మల్చ్ (నేల మీద పరిచే చెక్క పొట్టు) మూడంగుళాలు, వెడల్పుగా, మానుకి తగలకుండా. షాపింగ్ సెంటర్ల ముందు మాను చుట్టూ కుప్పగా పోసిన మల్చ్ చూసి అదే పద్ధతి అనుకుంటారు చాలామంది. అది తప్పు, బెరడు కుళ్లుతుంది, ఎలుకలు కాపురం పెడతాయి. ఊతకర్ర మామూలుగా అవసరం లేదు, గాలికి ఊగితేనే మాను గట్టిపడుతుంది.

ఓక్‌ని ఈ చలి ప్రాంతాల్లో వసంతంలో నాటడం మేలు, శరదృతువులో నాటితే వేళ్లు పట్టుకోకముందే నేల గడ్డకడుతుంది. తవ్వడానికి ముందు అమెరికాలో 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

నీళ్లు, ఎరువు?

మొదటి రెండు మూడు ఎండాకాలాలు వానలేని వారానికి 10 గ్యాలన్ల చొప్పున, మెల్లగా, వేళ్ల ముద్ద మీద పోయండి. పోసే ముందు మల్చ్ పక్కకి జరిపి వేలు రెండంగుళాలు దించి చూడండి, చల్లగా తడి తగిలితే ఆ రోజు మానేయండి. లాన్ స్ప్రింక్లర్ రోజూ చల్లే నీళ్లు పైపైనే ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత మామూలు వానలతో అదే చూసుకుంటుంది.

ఎరువు మొదటి ఏడాది వద్దు. తర్వాతైనా మట్టి పరీక్షలో లోపం కనిపిస్తేనే. లాన్‌కి వేసే కలుపుమందు కలిపిన ఎరువుల్లో డైకాంబా అనే మందు ఉండొచ్చు, అది చెట్ల వేళ్లకి హాని చేస్తుంది. ఓక్ కింద వాటిని చల్లనివ్వకండి, లాన్ కంపెనీకి డబ్బిచ్చి చేయిస్తున్నా సరే.

రెండేళ్లయింది, ఎదుగూ బొదుగూ లేదు. ఏదైనా లోపమా?

ఆకులు ఆరోగ్యంగా ఉంటే లోపమేమీ లేదు. వేళ్లు పట్టుకుంటోంది. మూడో ఏడాది నుంచి సంవత్సరానికి అడుగు, మంచి నేలలో ఇంకొంచెం ఎక్కువ పెరుగుతుంది.

మే నెల వచ్చింది, పక్కింటి చెట్లన్నీ చిగిర్చాయి, మాది ఎండు కట్టెలా ఉంది. చచ్చిపోయిందా?

కంగారుపడి పీకేయకండి. బర్ ఓక్ చాలా చెట్లకంటే ఆలస్యంగా చిగురిస్తుంది, మంచు దెబ్బ తగలకుండా అది దాని జాగ్రత్త. సన్న కొమ్మ బెరడుని గోటితో కొంచెం గీరి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం కిందికి వచ్చి గీరండి. పైకొమ్మ ఎండినా మొదలు నుంచి మళ్లీ చిగురించే శక్తి లేత ఓక్‌లకి బాగా ఉంది, జూన్ చివరిదాకా ఆగండి.

దీనికి తిరగేసిన భయం కూడా ఉంది: శరదృతువులో ఎండిన ఆకులు రాలకుండా చలికాలమంతా కొమ్మల్నే పట్టుకుని ఉండటం. లేత ఓక్‌లకి అది సహజం.

కుందేళ్లూ జింకలూ బతకనిచ్చేలా లేవు.

కుందేలు చలికాలంలో లేత మానుని కత్తితో కోసినట్టు ఏటవాలుగా కొరికేస్తుంది, మంచు కింద చిట్టెలుకలు బెరడు చుట్టూ గీకేస్తాయి. పావంగుళం కన్నాల ఇనుప వలని మాను చుట్టూ గొట్టంలా పెట్టి, అడుగుని మట్టిలోకి దింపండి. దాని ఎత్తు మీ ఊళ్లో పేరుకునే మంచు కంటే రెండడుగులు ఎక్కువ ఉండాలి, కుందేలు ఆ మంచు మీదెక్కి కొరుకుతుంది కాబట్టి. జింకలుంటే ఐదడుగుల కంచె తప్పదు, చిగురు వాటి నోటికి అందని ఎత్తుకి చేరేదాకా తీయకండి.

కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి?

నవంబరు నుంచి మార్చి లోపే. ఏప్రిల్ నుంచి జులై దాకా ఓక్ మీద కత్తెర పెట్టకండి. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

కారణం ఓక్ విల్ట్. 1940లలో విస్కాన్సిన్‌లో గుర్తించిన శిలీంధ్రపు తెగులు. ఇది చెట్టు నీళ్లు పీల్చే గొట్టాల్లోకి చేరుతుంది, చెట్టు తనని కాపాడుకోవడానికి ఆ గొట్టాల్నే మూసేసుకుంటుంది, దాంతో ఆకులకి నీరందదు. రెడ్ ఓక్ అయితే నిండు వేసవిలో కొన్ని వారాల్లోనే పూర్తిగా చచ్చిపోతుంది. బర్ ఓక్‌కి తట్టుకునే శక్తి కొంచెం ఎక్కువ, కొన్నేళ్లు పోరాడుతుంది, కొన్ని కోలుకుంటాయి కూడా. తెగులు రెండు దారుల్లో వస్తుంది. వసంతంలో పచ్చి గాయం వాసనకి రసం తాగే చిన్న పెంకుపురుగులు వచ్చి వాలతాయి, వాటి ఒంటి మీద శిలీంధ్రం ఉంటుంది. రెండోది భూమి లోపల: దగ్గరగా ఉన్న ఓక్‌ల వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ దారిన పక్క చెట్టుకి పాకుతుంది. అందుకే ఒక చెట్టు చస్తే వరసగా చుట్టుపక్కలవి చస్తుంటాయి, ఆపాలంటే లోతుగా కందకం కోసి వేళ్ల బంధం తెంచాల్సి వస్తుంది. 2023లో కెనడాలో కూడా మొదటిసారి, నయాగరా ఫాల్స్‌లో, ఇది బయటపడింది.

మేలో గాలివానకి కొమ్మ విరిగితే? అప్పుడు కత్తిరించక తప్పదు. కోసిన నిమిషాల్లోనే ఆ గాయానికి మామూలు లేటెక్స్ పెయింట్ పూసేయండి. వేరే చెట్లకి, వేరే నెలల్లో ఇలా పెయింట్ పూయడం అనవసరం. ఇంటింటికీ తిరిగి తక్కువ ధరకి కొమ్మలు కొడతామనే మనుషులు జూన్‌లో వస్తే, ఓక్ జోలికి వెళ్లొద్దని చెప్పి పంపేయండి. ఓక్ కట్టెలు వేరే ఊరి నుంచి తెచ్చుకోవడం, క్యాంపింగ్‌కి పట్టుకెళ్లడం కూడా మానుకోవాలి, తెగులు వాటి వెంట ప్రయాణిస్తుంది.

ఆకుల మీదా కొమ్మల మీదా ఉండలు కట్టాయి. తెగులా?

చాలా మటుకు కాదు. చిన్న కందిరీగలు ఆకులోనో కొమ్మలోనో గుడ్డు పెడితే, దాని చుట్టూ చెట్టే కట్టే గూడు అది. మన ఇళ్లల్లో పసిపిల్లల మందుల డబ్బాలో ఉండే మాచికాయ ఇలాంటిదే: పశ్చిమాసియాలోని ఓ ఓక్ మీద కందిరీగ వల్ల పుట్టిన ఉండ. ఇక్కడి ఉండల్ని మాత్రం మాచికాయలా వాడకండి, రకాలు వేరు. చెట్టుకి వీటివల్ల హాని దాదాపు ఉండదు, మందు కొట్టాల్సిన పని లేదు. ఆగస్టులో ఆకుల మీద తెల్లటి బూజు పొడి కనిపించినా అంతే.

ఆగస్టులో కింది కొమ్మల ఆకులు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి.

దీన్ని పట్టించుకోండి. ఆకు వెనక్కి తిప్పి ఈనెలు చూడండి. ఈనెల వెంట ఊదా గోధుమ చారలు, ఈనె నుంచి బయటికి త్రికోణంగా ఎండిన మచ్చలు ఉంటే బర్ ఓక్ బ్లైట్ కావొచ్చు. 1990ల నుంచి అయోవా, మిన్నెసోటాల్లో ఎక్కువగా కనిపిస్తున్న శిలీంధ్రం ఇది. తెగులు కింది నుంచి పైకి ఎక్కుతుంది, ఎండిన ఆకుల కాడలు కొన్ని చలికాలంలో కూడా రాలవు, మరుసటి ఏడాది తెగులు వాటి నుంచే మొదలవుతుంది. ఓక్ విల్ట్‌లా గబుక్కున చంపదు, ఏటేటా బలహీనపరుస్తుంది. బలహీనపడిన చెట్టుని బెరడు కింద తొలిచే పురుగు కనిపెట్టి వస్తుంది, చావు తరచుగా దాని చేతిలో. ఎండాకాలంలో నీళ్లు అందించి చెట్టు బలం నిలబెట్టడం మీ వంతు. మందు ఇంజెక్షన్ అవసరమా అన్నది సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్టు (చెట్ల నిపుణుడు) చూసి చెప్పాలి, రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎక్స్‌టెన్షన్ (జనానికి సాగు సలహాలిచ్చే) విభాగాలు నమూనా పంపితే పరీక్ష చేస్తాయి.

మేం కొన్న ఇంట్లోనే వందేళ్ల ఓక్ ఉంది. డెక్ (ఇంటికి ఆనించి కట్టే చెక్క వేదిక), డ్రైవ్‌వే పెంచాలనుకుంటున్నాం.

ముందు చెట్టుని చూసి, తర్వాత ప్లాన్ గీయించండి. కొత్తది నాటి ఈ ఎత్తుకి తేవడం మీ జీవితంలో కుదరదు. వేళ్లు లోతుగా ఉంటాయి కాబట్టి ఫర్వాలేదని కాంట్రాక్టర్లు అంటుంటారు. ముదురు చెట్టుకి నీళ్లూ గాలీ అందించే సన్న వేళ్లు ఎక్కువ భాగం పై అడుగున్నర మట్టిలోనే, కొమ్మల నీడ దాటి ఇంకా చాలా దూరం పరుచుకుని ఉంటాయి. వాటి మీద ఒక్కసారి బాబ్‌క్యాట్ (మట్టి ఎత్తే చిన్న యంత్రం) నడిపినా, ఆరంగుళాల మట్టి పోసి చదును చేసినా ఆ వేళ్లకి ఊపిరాడదు. చెట్టు ఆ ఏడాది పచ్చగానే ఉంటుంది. మూడేళ్లకో, ఐదేళ్లకో పైకొమ్మలు ఎండడం మొదలుపెడుతుంది, అప్పటికి ఎవరూ దాన్ని డెక్‌తో ముడిపెట్టరు.

పని మొదలవకముందే కొమ్మల అంచు దాటి గట్టి కంచె వేయించి, ఆ లోపల వాహనం, ఇసుక, ఇటుక ఏదీ పెట్టకూడదని ఒప్పందంలో రాయించండి. డెక్‌కి పొడవాటి పునాది గోడ బదులు విడివిడి స్తంభాలు వేయొచ్చు, ఆ గుంటలు లావు వేరు తగిలితే పక్కకి జరపొచ్చు. చెట్టు కింద లాన్ తీసేసి, రాలిన ఆకుల్నే అక్కడ పరచండి. ఓక్ ఆకులు మట్టిని పుల్లగా మార్చేస్తాయన్న భయం అక్కర్లేదు, కుళ్లడం ఆలస్యం, అంతే.

కాయలు ఎప్పుడు కాస్తుంది? తినొచ్చా?

నాటిన దాదాపు 35 ఏళ్లకి. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి విరగకాస్తుంది. ఇక్కడి ఆదివాసులు టానిన్ (వగరునిచ్చే పదార్థం) పోయేదాకా నీళ్లలో నానబెట్టి, ఉడికించి తినేవారు. పచ్చివి మాత్రం నోట్లో పెట్టుకోలేనంత వగరు. పెంపుడు కుక్క ఎక్కువగా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, అప్పుడు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.

మేం డెన్వర్‌లో, టొరంటోలో ఉన్నాం. ఇవే వర్తిస్తాయా?

దక్షిణ ఆంటారియోలో బర్ ఓక్ సహజంగానే ఉంది, అన్నీ వర్తిస్తాయి. డెన్వర్‌లో ఇది పుట్టుకతో స్థానికం కాదు కానీ సున్నపు మట్టినీ, పొడి గాలినీ తట్టుకుని బాగా పెరుగుతుంది. కొలరాడోలో పుట్టిన ఓక్ రకమే కావాలంటే గ్యాంబెల్ ఓక్ ఉంది. గుబురుగా, పొదలా పెరుగుతుంది, చిన్న పెరడుకి సరిపోతుంది.

అమ్మానాన్నలు వచ్చి చూసి ముచ్చటపడ్డారు. కాయలు హైదరాబాద్ తీసుకెళ్లి నాటొచ్చా?

వద్దు. అధికారిక అనుమతి, తనిఖీ పత్రం లేకుండా విత్తనాలు దేశం దాటించకూడదు, తెగుళ్లు అలాగే దాటుతాయి. నాటినా అక్కడ చలి నిద్ర లేక చెట్టు కుదురుకోదు. భారతదేశంలో ఓక్‌లు చూడాలనుంటే ఉత్తరాఖండ్ కొండలకి వెళ్లమనండి, నైనిటాల్ చుట్టూ బాంజ్ ఓక్ అడవులున్నాయి.